తూకం వేళ ఆరిపోయే తెర

నా దుకాణానికి నన్ను నమ్మి వచ్చేవాళ్లు తక్కువ. వేరే దిక్కు లేక వస్తారు. కరీంనగర్ బస్టాండు వెనక సందులో జిరాక్సు సెంటరుకూ కళ్లద్దాల షాపుకూ మధ్య ఇరుక్కున్న గది నాది. పాత ల్యాప్‌టాప్‌ల తెరలు బాగుచేస్తాను. పాతవంటే మామూలు పాతవి కావు. ఒళ్లో పెట్టుకుంటే తొడలు కాల్చేవి, మోసుకెళ్తే భుజం గుంజేవి, చేసిన కంపెనీవాళ్లే మరిచిపోయినవి. కొత్తవి బాగుచేసేవాళ్లు అడుగడుక్కీ ఉన్నారు. ఇవి మాత్రం ఎక్కడెక్కడో తిరిగి చివరికి నా బల్ల మీదికి చేరతాయి.

వాటితోపాటు వాటి యజమానుల అనుమానాలూ చేరతాయి. మా దగ్గర ఒక పద్ధతి ఉంది. మిషను విప్పగానే యజమాని మార్కర్ పెన్ను తీసుకుని లోపలి భాగాల మీద సంతకం పెడతాడు. మంచి పార్టు తీసేసుకుని పనికిరానిది బిగిస్తానని భయం. కొందరు సంతకంతో ఆగరు, ఫోనులో ఫొటో కూడా తీసుకుంటారు. పెళ్లిళ్లకు ఫొటోలు తీసే ఒకాయన ఇంట్లోంచి గోళ్లరంగు సీసా తెచ్చుకుని ఒక్కో స్క్రూ నెత్తి మీదా ఎర్రచుక్క పెట్టి కూర్చున్నాడు. నేను ఏమీ అనను. నిజం చెప్పాలంటే నాకు అలాంటివాళ్లతోనే సుఖం. అనుమానించే మనిషి మనసులో ఏముందో మొహం మీదే కనిపిస్తుంది.

నేనూ తక్కువవాణ్ని కాను. కూరగాయల బండి దగ్గర నా కన్ను టమాటాల మీద ఉండదు, తక్కెడ ముల్లు మీద ఉంటుంది. పెట్రోలు బంకులో మీటరు సున్నా చూపించందే మూత తీయను. చాయ్ ఇచ్చినా గ్లాసులోకి తొంగి చూసి తాగుతానని మా ఆవిడ ఎగతాళి చేస్తుంది. ఒకసారి అందులో ఈగ కనిపించింది, అప్పట్నుంచి చూస్తున్నాను. చూడడంలో తప్పేముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు.

అందుకే ఆమె మీద నాకు మొదటి రోజే అనుమానం వచ్చింది.

కొత్త పత్తి మార్కెట్లకు వస్తున్న రోజులవి. నలభై దాటిన మనిషి, పాత చీరలో చుట్టిన ల్యాప్‌టాప్‌ను చంకలో పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుని వచ్చింది. ఆదిలాబాద్ దగ్గర పత్తి గింజలు తీసే ఒక జిన్నింగు మిల్లులో, బండ్లు తూచే కాంటా గది చూసుకుంటుందట. అక్కడ అడిగినవాళ్లంతా ఈ తెరను ముట్టుకోబోమన్నారట. చొప్పదండిలో ఉన్న అక్క నా సంగతి చెప్తే ఇంత దూరం వచ్చింది.

ఆ ల్యాప్‌టాప్‌తో ఆమెకున్న పని ఏమిటో అడిగి తెలుసుకున్నాను. పత్తి తెచ్చిన బండి మిల్లు గేటు దగ్గర కాంటా ఎక్కుతుంది. పత్తి దింపాక ఖాళీ బండి మళ్లీ ఎక్కుతుంది. ఆ రెండు బరువులూ తీసుకుని అసలు పత్తి ఎంతో చూపించేది ఈ తెరే. కాంటా నుంచి వచ్చే వైరు పట్టే పాతకాలపు రంధ్రం కొత్త మిషన్లకు ఉండదు. లోపలి ప్రోగ్రాం కూడా దీంట్లో తప్ప నడవదు. మిల్లు సేటు, నడిచినన్ని రోజులు నడవనీ అనే రకం. అది ఇప్పుడు నడవడం మానేసింది. తెర ఎర్రబారుతుంది, మసకేస్తుంది, కాసేపటికి ఆరిపోతుంది.

తెర ఆరినప్పుడు కాంటా మీద బండి ఉంటే కిటికీ దగ్గర నిలబడ్డ రైతు ఏమనుకుంటాడు? ఆరు నెలల కష్టం ఆ తెర మీద అంకెగా మారాలి. అంకె మారే వేళకు తెర నల్లబడింది. మళ్లీ వెలిగేసరికి అంకె ఏదో ఉంది. కాంటా గదిలో ఉన్న ఆడమనిషి చీకట్లో ఏదో చేసిందనుకోడా? నేనైతే అనుకుంటాను. వాళ్లూ అనుకున్నారు. కాంటా దగ్గర ఇంకొకసారి లొల్లి అయితే ఆ కుర్చీలో వేరేవాళ్లను కూర్చోబెడతానని సేటు చెప్పేశాడు.

ఆమె బల్లకు ఆనుకుని నిలబడి నెమ్మదిగా చెప్పింది.

"పని పోతే పాయె అన్నా. ఇంకేదన్న చేసుకుంట. గని కాంటా కొట్టింది, తూకంల మోసం జేసిందన్న పేరుతోని పోతే గా ఊళ్లె నాకు ఇంకెవ్వలు పనియ్యరు. ఐతారం చర్చిల నా పక్కపొంటి గూసునేటోళ్లు గా రైతులే. ఆళ్ల ముంగట తలకాయ ఎట్ల ఎత్తాలె?"

వాళ్లది మిషనరీలు కట్టిన చర్చికి పోయే కుటుంబం. తండ్రి కూడా అదే మిల్లులో పత్తి బేళ్లు మోశాడట. సరే అని స్క్రూలు విప్పి, అలవాటు ప్రకారం మార్కర్ పెన్ను ఆమె చేతికిచ్చాను. ఎందుకని అడిగింది. చెప్పాను. ఆమె పెన్ను నా బల్ల మీదే పెట్టేసింది.

"నువ్వు మంచిగ చేస్తవనే గద తెచ్చిన. గుర్తులెందుకు?"

అని, రెండు రోజుల్లో వస్తానని చెప్పి అక్క ఊరికి వెళ్లిపోయింది. నాకు అది అస్సలు నచ్చలేదు. ఎదుటివాడు మోసం చేస్తాడేమోనని తోచని మనిషి ఒకటి అమాయకురాలైనా అయ్యుండాలి, లేదా మోసమంతా తన దగ్గరే పెట్టుకున్నదైనా అయ్యుండాలి. కాంటా గదిలో ఏళ్లతరబడి కూర్చున్న మనిషి అమాయకురాలంటే నమ్మడానికి నేను సిద్ధంగా లేను.

అనుమానం అనుమానమే, పని పనే. పాత తెర నల్లబడితే నేను మొదట చేసేది గది లైటు ఆర్పి, టార్చి వేసి, తెర మీద ఏటవాలుగా వెలుతురు పడేట్టు పట్టుకోవడం. ఆ కోణం కుదిరితే లోపల బొమ్మ కనిపిస్తుంది. అక్షరాలు, అంకెలు, బాణం గుర్తు అన్నీ చీకట్లో యథాప్రకారం వాటి పని అవి చేసుకుంటుంటాయి. మనకు చూపించే దీపం మాత్రమే పోయిందన్నమాట. ఈ పాత తెరల అడుగున సన్నటి గాజు ట్యూబు ఉంటుంది, దబ్బనం అంత లావు. అదే దీపం. దీని ట్యూబు రెండు కొసలూ మసిబారి ఉన్నాయి. చచ్చిపోయిన ఇంకో మిషను తెరలోంచి మంచి ట్యూబు తీసి, ఊపిరి బిగబట్టి వైర్లు అతికి, ఇందులో కూర్చోబెట్టాను. పొరపాటున వేలు బరువు పడితే పుటుక్కున విరుగుతుంది, దానికి ఇంకో ట్యూబు వెతకడానికి నెల పడుతుంది.

తెర తెల్లగా వెలిగింది. ఒక పగలంతా ఆన్‌లోనే పెట్టి ఉంచాను, ఒక్కసారి కూడా వణకలేదు. ఆమె వచ్చి, తెరను చూసి, సంతోషపడి, మూత మూసి చీరలో చుట్టుకుంది. ఏం మార్చావని అడగలేదు. పాత ట్యూబు చూపిస్తానన్నా వద్దంది. ఆమె వెళ్లాక నేను చాలాసేపు ఆ పాత ట్యూబును చేతిలో పట్టుకుని, ఈమె అసలు ఎవరు అనుకుంటూ కూర్చున్నాను.

వారం పది రోజులకు ఫోను వచ్చింది. తెర మళ్లీ పోతోందట. ఆ వెనకే మనిషీ వచ్చింది. ఈసారి మొహం పీక్కుపోయి ఉంది.

ఆమె ఇక్కడికి వచ్చిన రోజుల్లోనే అక్కడ రైతులు కూర్చుని ఒక మాట అనుకున్నారట. తెర బాగై వచ్చినా సరే, తమ మనిషి ఒకరు ఆమె పక్కన కూర్చుని ప్రతి తూకం చూడాలి. సేటు ఒప్పుకున్నాడు. వాళ్లు ఎంచుకున్నది ఒక పెద్దాయనను. గోదావరి పొంటి బొగ్గుబాయిలో పనిచేసి రిటైరయ్యాక ఇటొచ్చి భూమి కొనుక్కుని పత్తి వేస్తున్నాడు. ఎవరి పక్షమూ కాని మనిషని ఊళ్లో పేరు. ఈమె కూడా ఆయన్ను తండ్రిని పిలిచినట్టు బాపు అనే పిలుస్తుంది. ఆయన పక్కన కూర్చున్నాడన్న ధైర్యంతో ఈమె నిశ్చింతగా ఉంది.

ఆయన కూర్చున్న రోజే తెర ఆరిపోయింది. ఇదివరకటిలా ఎర్రబారి మసకేసి కాదు, ఒక్కసారిగా. కాసేపటికి దానంతట అదే వెలిగింది. ఆ తర్వాత బండి తర్వాత బండికి అదే వరస. రైతులు పెద్దాయనను అడిగితే ఆయన ఉన్నదున్నట్టు చెప్పాడు. తన ముందే ఆరిందని, తను ఏమీ ముట్టుకోలేదని. అంతకంటే ఆయన ఒక్క మాట ఎక్కువ అనలేదు. ఆ మాటే చాలింది. సాక్షిని పక్కన పెట్టుకుని కూడా కొడుతోందంటే ఎంత తెగించిందో అని మొదలుపెట్టారు.

నేను తెర విప్పాను. ట్యూబు బాగుంది. తెరకు పోయే సన్నటి తీగల పట్టీ బాగుంది. మూతను ముందుకూ వెనక్కూ ఊపాను, తెరిచాను, మూశాను. మా ఆవిడ జుట్టు ఆరబెట్టుకునే మిషనుతో వేడిగాలి కొట్టాను. తడితే, గిల్లితే, ఎటు వంచినా తెర చెక్కుచెదరలేదు. ఒక పూట, రెండు పూటలు అట్లాగే వెలుగుతూ ఉండిపోయింది.

ఎప్పుడు ఆరుతుందని మళ్లీ అడిగాను. బండి కాంటా ఎక్కినప్పుడే అంది. బండి లేనప్పుడు? లేనప్పుడు ఆరదంది. నా చెవులు అక్కడే నిక్కబొడుచుకున్నాయి. కాంటా మీద బండి ఉందో లేదో తెర దీపానికి ఏం తెలుసు? అది తెలిసేది మనిషికి.

ఈ పాత మిషన్లలో రెండు మీటలు కలిపి నొక్కితే తెర ఆరిపోయే ఏర్పాటు ఉంటుంది. మళ్లీ నొక్కితే వెలుగుతుంది. నేను ఆమె కళ్లలోకి చూస్తూ ఆ రెండు మీటలూ నొక్కాను. తెర నల్లబడింది.

"గిట్ల గూడ ఆరుతదా?" అంది ఆమె.

ఆశ్చర్యం నిజమైనదో కాదో నాకు తేలలేదు. అయితే ఆ వెంటనే ఇంకో మాట అంది. మిషనులోనే ఏదో లోపం ఉందని సేటుకు ఫోనులో ఒక్క మాట చెప్పమంది. దాంతో నా అనుమానం కాస్తా గట్టిపడింది. ఇదన్నమాట సంగతి. ఇంత దూరం తెరను మోసుకొచ్చింది బాగుచేయించడానికి కాదు, నా నోటితో తనకో అడ్డు పెట్టించుకోవడానికి. నాకు దొరకని జబ్బు ఉందని నేనెట్లా చెప్తానని కటువుగానే అన్నాను.

ఆమె చీర మడతలు సరిచేసుకుంటూ అంది.

"అయితే నువ్వే అచ్చి సూడన్నా. నీ కండ్లతోని సూసి, ఏదుంటే గది అందరి ముంగట చెప్పు. నేనే ఆర్పుతున్న అనిపిస్తే గదే చెప్పు."

ఒప్పుకున్నాను. జాలితో కాదు. ఆమె వేళ్లు ఆ రెండు మీటల మీదికి పోతుంటే పట్టుకోవాలని. నా పనిని అడ్డం పెట్టుకుని ఒకరు కాంటా కొడుతున్నారంటే అది నాకూ మచ్చే. తెర బాగుచేసినవాడెవరని రేపు అడిగితే నా దుకాణం సంగతే చెప్తారు. ఆ కోపంతో నేను దుకాణానికి తాళం వేసి ఆదిలాబాద్ బస్సెక్కాను. నిర్మల్ దాటి ఘాటు రోడ్డు ఎక్కుతుంటే నడుం విరిగింది. ల్యాప్‌టాప్‌ను మాత్రం ఆమె చేతికివ్వకుండా నా ఒళ్లోనే పెట్టుకున్నాను. దారిలో ఏమైనా చేస్తుందేమోనని. ఆమె పక్క సీట్లో హాయిగా నిద్రపోయింది.

మిల్లు ఆవరణంతా గాలిలో పత్తి నూగు తేలుతోంది. జుట్టు మీద, కనురెప్పల మీద అదే. హమాలీలు సగం తెలుగు సగం మరాఠీ కలిపి మాట్లాడుకుంటున్నారు. కాంటా గది చిన్నది. ఒక బల్ల, రెండు ఇనప కుర్చీలు, బండి కనిపించేట్టు ఒక కిటికీ. సేటు గుమ్మంలో నిలబడి ఉన్నాడు, రైతులు అప్పటికే కిటికీ దగ్గర గుమికూడి ఉన్నారు. కరీంనగర్ నుంచి మిస్త్రీ వస్తున్నాడని తెలిసి వచ్చారు. ఆమె మనిషేనేమో అన్నట్టు నన్ను కూడా కిందికీ పైకీ చూశారు. అది నాకు సబబుగానే అనిపించింది.

పెద్దాయన ముందే వచ్చి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. తెల్లటి నిండుచేతుల చొక్కా, మణికట్టు దాకా గుండీలు పెట్టుకున్నాడు. మధ్యమధ్య లోపల్నుంచి దగ్గు వస్తోంది. చాయ్ తాగుతూ నాతో బొగ్గుబాయి సంగతులు చెప్పాడు. కిందికి దిగే ముందు గేటు దగ్గర ప్రతి మనిషినీ ఆపి ఒళ్లంతా తడిమి చూసేవాళ్లట, బీడీ గానీ అగ్గిపెట్టె గానీ పొరపాటున జేబులో ఉండిపోయిందేమోనని. ఒక్క నిప్పురవ్వ చాలట, కింద ఉన్నవాళ్లు పైకి రారు.

"తడిమి సూసుడు తప్పు కాదు బిడ్డా. అందరి పానం గందులనే ఉంటది. రెండు చేతులు ఎత్తి నిలవడుడు నాకు ఏనాడు నామోషీ అనిపించలే," అన్నాడు.

ఆ మాటతో ఆయన నాకు నచ్చేశాడు. మా ఇద్దరి మనసులూ ఒక్కటే అనుకున్నాను. ఆయన ఆమెకు ఎడమ పక్క కూర్చున్నాడు. నేను వెనక స్టూలు వేసుకుని, ఆమె భుజం మీదుగా వేళ్లు కనిపించేట్టు కూర్చున్నాను.

మొదటి బండి కాంటా ఎక్కింది. ఆమె అంకెల మీటలు ఒకటి రెండు నొక్కింది. నేను రెప్ప వేయలేదు. తెర టప్పున ఆరిపోయింది.

ఆమె రెండు చేతులూ గాల్లోకి ఎత్తేసింది. ఎవరో తుపాకీ చూపించినట్టు. ఆ ఎత్తడం చూస్తే అది ఇవాళ కొత్తగా చేసింది కాదని, రోజూ అట్లాగే ఎత్తుతోందని తెలిసిపోయింది. కిటికీ దగ్గర గొణుగుడు మొదలైంది. ఆరిందే, మళ్లీ ఆరిందే అని ఎవరో మరాఠీ యాసలో అంటున్నారు. నేను టార్చి తీసి ఏటవాలుగా పట్టాను. లోపల అంకెలు అన్నీ అట్లాగే ఉన్నాయి. కాసేపటికి తెర వెలిగింది. ఆమె వేళ్లు ఆ రెండు మీటల దరిదాపుల్లోకి కూడా పోలేదు. నేను ప్రమాణం చేసి చెప్పగలను.

రెండో బండికీ అంతే. ఆమె చేతులనే చూశాను, తెర ఆరింది. మోకాలితో ఏమైనా నొక్కుతోందా అని బల్ల కిందికి వంగి కూడా చూశాను. బల్ల కింద ఆమె కాళ్లు, చెప్పులు తప్ప ఏమీ లేవు.

మూడో బండి కదులుతుంటే నాకు ఒక సంగతి తట్టింది. ఈ గదిలో నేను, సేటు, పెద్దాయన, కిటికీలోంచి తొంగిచూసే ప్రతి మనిషీ అందరం ఆమె చేతులనే చూస్తున్నాం. ఇంకెవరి చేతులూ ఎవరూ చూడడం లేదు. నేను కావాలని ఆమె మీంచి చూపు మళ్లించాను.

బండి కాంటా ఎక్కగానే పెద్దాయన కుర్చీలోంచి ముందుకు వంగాడు. కళ్లు చిట్లించి తెరకు దగ్గరగా మొహం పెట్టాడు. ఆమె మిషనును తనవైపు తిప్పుకుంటుందేమోనని కాబోలు, కుడిచేత్తో దాని ఎడమ మూలను గట్టిగా అదిమి పట్టుకున్నాడు. తెర ఆరిపోయింది. అంకె పోయిందని ఆయన ఉసూరుమని వెనక్కి వాలి చేయి తీసేశాడు. తెర వెలిగింది. ఆ చొక్కా చేతి గుండీ దగ్గర గుడ్డ ఎత్తుగా ఉబ్బి ఉంది.

నాకు సంగతి అర్థమైంది. ఈ మిషన్ల మూతలో చిన్న అయస్కాంతం ముక్క ఉంటుంది. దానికి సరిగ్గా ఎదురుగా, మీటల కింది అంచున ఎడమ మూల లోపల ఒక స్విచ్చి ఉంటుంది. మూత మూస్తే అయస్కాంతం స్విచ్చి దగ్గరికి వస్తుంది, మూత పడిందనుకుని మిషను దీపం ఆర్పేస్తుంది. లోపలి పని మాత్రం నడుస్తూనే ఉంటుంది. నా బల్ల మీద నేనే ఎన్నిసార్లు మూసి తెరిచానో. ప్రతిసారీ తెర అట్లాగే ఆరింది, అట్లాగే వెలిగింది. మూత కాబట్టి నాకు వింతగా అనిపించలేదు.

"బాపూ, చేతికి ఏం పెట్టుకున్నవు?" అని అడిగాను.

ఆయన గుండీ విప్పి చూపించాడు. మణికట్టుకు నల్లటి పూసల్లాంటి అయస్కాంతాలు పొదిగిన కడెం. మోకాళ్ల నొప్పులకు మంచిదని జాతరలో ఒకడు అంటగట్టాడట. పెట్టుకున్నప్పట్నుంచి కొంచెం నయంగానే ఉందన్నాడు.

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. ఈ సంగతి నేను పైకి చెప్తే ఎవరు నమ్ముతారు? ఆమె పిలిపించుకున్న మిస్త్రీ, ఆమె పక్క సీట్లో కూర్చుని వచ్చిన మిస్త్రీ, తప్పంతా తీసుకెళ్లి తమ పెద్దమనిషి చేతికి చుట్టాడంటారు. నేను ఆ కిటికీ దగ్గర ఉంటే నేనూ అదే అంటాను. అందుకని ఆయన చెవి దగ్గర వంగి, కడెం తీసి ఆ మూల మీద పెట్టి చూడమన్నాను.

ఆయన తీసి పెట్టాడు. తెర ఆరింది. ఎత్తాడు, వెలిగింది. మళ్లీ పెట్టాడు. మళ్లీ ఎత్తాడు. ఆమె అప్పటికి ఇటు తిరిగి చూస్తోంది. కిటికీ దగ్గర ఉన్నవాళ్లకు ఆయన వీపు అడ్డం వచ్చి ఏమీ కనిపించడం లేదు.

ఆయన కడెం గుప్పిట్లోకి తీసుకున్నాడు. గుప్పిలి మూశాడు. ఒకసారి కిటికీ వైపు చూశాడు, ఒకసారి తన జేబు వైపు చూసుకున్నాడు. నాకు ఖాయంగా అనిపించింది, జేబులో వేసుకుంటాడని. రేపట్నుంచి కడెం లేకుండా వస్తాడు, తెర ఆరదు, మిస్త్రీ వచ్చి బాగుచేసిపోయాడంటారు, ఆయన పెద్దరికానికి ఏమీ కాదు. ఇన్నాళ్లు ఆర్పింది ఆమేనన్న మాట మాత్రం ఆమె నెత్తి మీద అట్లాగే ఉండిపోతుంది. ఆమె కూడా అదే అనుకుందేమో, చూపు దించుకుంది. అడ్డుపడి ఆయన చేయి పట్టుకుందామా అనుకున్నాను. ధైర్యం చాలలేదు.

ఆయన మోకాళ్ల మీద చేతులు ఆనించి లేచాడు. ల్యాప్‌టాప్‌ను కిటికీ వైపు తిప్పాడు. గుప్పిలి విప్పాడు.

"అందరు జర ఇటు సూడుండ్రి," అన్నాడు.

కడెం మూల మీద పెట్టాడు. తీశాడు. పెట్టాడు.

"గీ బిడ్డ ఏం చెయ్యలే. గిన్ని దినాలు ఆర్పింది నేను. తెలవక ఆర్పిన. గని ఆర్పింది నేనే. తూకంల మోసం జరిగిందని ఇగ ఎవ్వలన్నా గది నన్ను అనుండ్రి."

ఇందాక గొణిగిన మరాఠీ యాస ఆయన లోపలికి వచ్చి కడెం అడిగి తీసుకుని స్వయంగా పెట్టి చూశాడు. ఇంకొకాయన వచ్చి తన ఉంగరం పెట్టి చూశాడు, ఆరలేదు. ఇంకొకాయన ఆమెను కుర్చీలోంచి లేపి దూరంగా నిలబెట్టి మరీ చూశాడు. ఎవరికివారు తమ చేత్తో ఆర్పి వెలిగించుకుంటే తప్ప ఒక్కరూ నమ్మలేదు. అట్లా నమ్మనందుకు వాళ్ల మీద నాకు గౌరవం కలిగింది. అందరూ చూసుకున్నాక సేటు గొంతు సవరించుకుని, ఇగ కానీయండి, బండ్లు ఆగినయ్ అన్నాడు. ఆమెతో ఒక్క మాట కూడా అనలేదు. నాకు ఒళ్లు మండింది.

ఆమె గోడ వైపు తిరిగి కొంగుతో మొహం అదుముకుంది. భుజాలు కాసేపు కదిలాయి. తర్వాత మొహం తుడుచుకుని ఇటు తిరిగింది, నా దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"నన్ను పట్టుకుందామనే అచ్చినవ్ గద అన్నా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. అవునన్నాను.

"మంచిగనే అయింది. నన్ను నమ్మి అచ్చినోడివైతే గింతగనం సూడకపోదువు," అంది.

ఆ మాట ఇప్పటికీ నాకు అంతుపట్టదు. మెచ్చుకుందో దెప్పిందో తెలియదు. ఆమె మొహంలో మాత్రం కోపం కనిపించలేదు. నేను ఎంత వెతికినా కనిపించలేదు.

బయట తర్వాతి బండి హారను కొడుతోంది. ఆమె వెళ్లి తన కుర్చీలో కూర్చుంది. పెద్దాయన మాత్రం కూర్చోలేదు. ఇంకా తను కూర్చోవచ్చో లేదో అన్నట్టు కుర్చీ వెనక నిలబడ్డాడు. రైతులు కూర్చోమన్నారు. అప్పుడు ఆయన చొక్కా రెండు చేతుల గుండీలూ విప్పాడు. మోచేతుల దాకా పైకి మడిచాడు. బాయి గేటు దగ్గర నిలబడ్డట్టు రెండు చేతులూ చాచి, మణికట్లు ఇటూ అటూ తిప్పుతూ ఆమె ముందు నిలబడ్డాడు.

ఆమె చూడలేదు. తెర మీదే కళ్లు పెట్టుకుని, ఆయన కుర్చీని ఎడమచేత్తో దగ్గరికి లాగి, "కూసో బాపు" అంది.

నేను మాత్రం రెండు మణికట్లూ చూశాను.